ఆ చలికాలం ఫ్రెడరిక్ చనిపోయి ఉంటే? జరగని చరిత్రను తూచే పద్ధతి

1741 ఫిబ్రవరి 27న, ఆస్ట్రియా పాలనలో ఉన్న సైలీషియా ప్రాంతపు కొండల అంచున ఉన్న బౌమ్‌గార్టెన్ అనే ఊరి దగ్గర, ప్రష్యా అనే జర్మన్ రాజ్యపు రాజు వెంట ఉండాల్సిన రక్షక దళం మీద ఆస్ట్రియా హుస్సార్లు విరుచుకుపడ్డారు. హుస్సార్లంటే తేలికపాటి గుర్రపు దళం. ఎదురుగా నిలబడి పోరాడటం కంటే చాటున మాటువేసి కొట్టడం వాళ్ళ విద్య. రాజు రెండో ఫ్రెడరిక్ అప్పుడు దగ్గరలోని కాపలా స్థావరాలను చూడటానికి వచ్చాడు. ఆయన సైనికులు కొందరు చనిపోయారు, కొందరు పట్టుబడ్డారు. రాజు మాత్రం దొరకలేదు. ఆయన వయసు 29. సింహాసనం ఎక్కి తొమ్మిది నెలలు.

ఆ రోజు రాజే దొరికి, ఆ మంచులోనే ప్రాణం వదిలి ఉంటే? చరిత్ర ఇష్టపడేవాళ్ళ మధ్య ఈ ప్రశ్న రాగానే రెండు రకాల సమాధానాలు వస్తాయి. మొదటిది ఒక్క గుక్కలో వచ్చేది: ప్రష్యా ఎదిగేది కాదు, జర్మన్ సామ్రాజ్యం పుట్టేది కాదు, ప్రపంచ యుద్ధాలు జరిగేవి కావు. రెండోది అంతకంటే పొట్టిది: అత్తకు మీసాలుంటే మామ అనేవాళ్ళం, ఈ లెక్కలు ఎందుకు? నాకు రెండూ తొందరపాటుగానే కనిపిస్తాయి. మొదటిది మధ్యలో ఉన్న మెట్లన్నీ దాటేస్తుంది. రెండోది మెట్లే లేవంటుంది.

ప్రత్యామ్నాయ చరిత్ర అంటే ఏమిటి

జరిగిన సంఘటనల్లో ఒకదాన్ని మార్చి, ఆ తర్వాత ఏమి జరిగి ఉండేదో ఊహించడం ప్రత్యామ్నాయ చరిత్ర. మార్చిన సంఘటనను 'చీలిక స్థానం' అనుకుందాం. చరిత్ర అక్కడ రెండు దారులుగా విడిపోతుంది. ఒకటి మనకు తెలిసిన దారి, రెండోది మనం కట్టుకునే దారి.

ఇది కాలక్షేపం మాత్రమే కాదు. 'ఫ్రెడరిక్ వల్లే ప్రష్యా గొప్ప రాజ్యమైంది' అని ఒక చరిత్రకారుడు రాశాడంటే, ఫ్రెడరిక్ లేకపోతే ప్రష్యా గొప్పదయ్యేది కాదని కూడా ఆయన చెప్పినట్టే. 'వల్ల' అన్న చిన్న మాటలోనే ఒక జరగని చరిత్ర దాగి ఉంది. దాన్ని బయటికి తీసి పరీక్షించడమే ఇక్కడ పని.

పరీక్షకు ఒక నియమం ఉంది. మార్పు చాలా చిన్నదై ఉండాలి, ఆ క్షణంలో నిజంగా జరగడానికి వీలున్నదై ఉండాలి. ఫ్రెడరిక్‌కు సైలీషియా మీద ఆశే లేదని ఊహిస్తే అది వేరే మనిషి కథ అవుతుంది. హుస్సార్లు ఒక అరగంట అటూ ఇటుగా రావడం మాత్రం ఆ రోజు జరగగలిగిన విషయమే.

డిసెంబరులో దండయాత్ర ఎందుకు

1740లో యూరప్‌లో ఇద్దరు పాలకులు చనిపోయారు. మే 31న ప్రష్యా రాజు మొదటి ఫ్రెడరిక్ విల్హెల్మ్, అక్టోబరు 20న ఆస్ట్రియాను పాలించే హాబ్స్‌బర్గ్ వంశపు చక్రవర్తి ఆరో చార్లెస్. తండ్రి నుంచి ఫ్రెడరిక్‌కు దాదాపు 80,000 మంది సైన్యమూ నిండు ఖజానా దక్కాయి. రాజ్యం జనాభా పాతిక లక్షలకు మించదు కాబట్టి, ఆ సైన్యం ఆ దేశానికి మోయలేనంత పెద్దది. ఆరో చార్లెస్‌కు కొడుకులు లేరు. కొడుకులు లేకపోతే కూతురికే రాజ్యం దక్కాలని 1713లోనే ఆయన ఒక శాసనం చేసి, తర్వాత చాలా యూరప్ రాజ్యాల చేత ఒప్పించుకున్నాడు. ఆ కూతురే మరియా థెరీసా. తండ్రి పోయేనాటికి ఆమెకు 23 ఏళ్ళు.

అప్పటి సైన్యాలు వసంతం నుంచి శరత్తు దాకా పోరాడి, చలికాలం ఊళ్ళలో తలదాచుకునేవి. దారిలో గుర్రాలకు మేత దొరకదు, బండ్లు కదలవు. ఫ్రెడరిక్ ఈ అలవాటునే ఆయుధం చేసుకున్నాడు. 1740 డిసెంబరు 16న దాదాపు 27,000 మందితో సరిహద్దు దాటాడు. ఎదుర్కోవడానికి సైలీషియాలో ఆస్ట్రియా సైన్యం కొద్ది వేలకు మించి లేదు. జనవరి ముగిసేసరికి గ్లోగావ్, బ్రీగ్, నైస్సె కోటలు తప్ప దాదాపు సైలీషియా అంతా ప్రష్యా చేతికొచ్చింది.

అయితే చలికాలపు దండయాత్రకు ఒక మూల్యం ఉంది, మన ప్రశ్నకు మూలం అదే. గెలిచిన సైన్యం ఒక్కచోట ఉండలేదు. తిండికీ కప్పుకీ పదుల ఊళ్ళలో చెదిరిపోవాలి. చెదిరిన దళాలను చూసుకోవాలంటే రాజు చిన్న రక్షక బృందంతో ఊరూరూ తిరగాలి. కొండ కనుమల నుంచి హుస్సార్లు దిగేది సరిగ్గా ఆ దారుల మీదికే. యుద్ధభూమిలో వేల మంది మధ్య ఉన్న రాజు కంటే ఫిబ్రవరిలో పల్లె దారిన పోతున్న రాజు ప్రాణానికే ఎక్కువ ముప్పు. బౌమ్‌గార్టెన్ ఘటనను కేవలం యాదృచ్ఛికం అనలేకపోవడానికి కారణం ఇది.

తన చావు గురించి రాజే వేసుకున్న లెక్క

ఈ 'ఒకవేళ'ను మొదట ఆలోచించింది మనం కాదు, ఫ్రెడరిక్. బౌమ్‌గార్టెన్ జరిగిన పది రోజులలోపే, మార్చి 7న, తన మంత్రి పోడెవిల్స్‌కు ఆయన ఒక ఆజ్ఞ రాశాడు. నేను బతికి ఉండగా శత్రువుకు చిక్కితే నా ఆజ్ఞలను పాటించకండి, స్వేచ్ఛగా ఉన్నంతవరకే నేను రాజును, నన్ను విడిపించడానికి రాజ్యానికి తగని పని ఏదీ చేయకండి, నా తమ్ముడికి సలహాలిచ్చి నడిపించండి అన్నది దాని సారాంశం. చనిపోతే తన దేహాన్ని రోమన్ల పద్ధతిలో దహనం చేయాలని కూడా అందులో ఉంది.

ఈ ఉత్తరం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. దురాశతో పొరుగు దేశం మీద పడినవాడే ఆయన, అందులో సందేహం లేదు. కానీ రాజు వేరు, రాజ్యం వేరు అని ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో, తన చావును తానే కళ్ళ ముందు పెట్టుకుని రాయడానికి స్థిమితం కావాలి.

ఈ ఉత్తరం మన లెక్కకూ పనికొస్తుంది. పట్టుబడటం, చనిపోవడం ఒకటి కాదని అది చూపిస్తుంది. పట్టుబడితే మరియా థెరీసా చేతిలో బలమైన బేరసారపు వస్తువు ఉండేది, ఆజ్ఞ ఎంత కఠినంగా ఉన్నా బెర్లిన్ మీద ఒత్తిడి తప్పేది కాదు. చనిపోతే వెంటనే కొత్త రాజు వస్తాడు. ఫ్రెడరిక్‌కు పిల్లలు లేరు. వారసుడు తమ్ముడు ఆగస్ట్ విల్హెల్మ్, వయసు 18.

ఆ తమ్ముడు ఎలాంటి రాజై ఉండేవాడు? నిజ చరిత్రలో ఒక ఆనవాలు ఉంది. 1757లో ఆస్ట్రియా చేతిలో కొలిన్ దగ్గర ఓడాక వెనక్కి తగ్గుతున్న సైన్యంలో ఒక భాగాన్ని అతనికి అప్పగించారు. అది చెడ్డగా ముగిసింది. అన్న అందరి ముందూ అవమానించాడు. మరుసటి ఏడాది అతను 35 ఏళ్ళకే చనిపోయాడు. దీన్నిబట్టి చేతకానివాడని తేల్చేయడం అన్యాయం. 1757లో చేతికొచ్చింది ఓడిన సైన్యం, 1741లో వచ్చేది గెలుస్తున్న సైన్యం. పద్దెనిమిదేళ్ళ రాజు తన చుట్టూ ఉన్న పెద్దల మాట ఎక్కువగా వినేవాడని మాత్రం అనుకోవచ్చు. ఆ పెద్దల్లో ఇద్దరి అభిప్రాయం మనకు తెలుసు. 1740 అక్టోబరు చివర్లో ఫ్రెడరిక్ పోడెవిల్స్‌నూ సేనాధిపతి ష్వెరిన్‌నూ పిలిచి అడిగినప్పుడు, ముందు సంప్రదింపులు జరపడమే మేలని వాళ్ళిద్దరూ చెప్పారు.

ఇద్దరు స్వీడన్ రాజులు, రెండు ముగింపులు

దండయాత్రలో రాజు చనిపోతే యుద్ధం ఆగుతుందా? ఊహతో కాకుండా, నిజంగా జరిగిన రెండు మరణాలతో దీన్ని చూడవచ్చు.

1632 నవంబరులో ల్యుట్సెన్ యుద్ధంలో స్వీడన్ రాజు గుస్తావ్ అడాల్ఫ్ చనిపోయాడు. వారసురాలు క్రిస్టినాకు అప్పటికి ఆరేళ్ళు కూడా నిండలేదు. అయినా యుద్ధం ఆగలేదు. ప్రధానమంత్రి ఆక్సెల్ ఉక్సెన్‌షెర్నా పగ్గాలు పట్టి నడిపాడు. స్వీడన్ మరో 16 ఏళ్ళు పోరాడి, 1648 శాంతి ఒప్పందంలో జర్మన్ భూములు దక్కించుకుంది.

1718లో దీనికి పూర్తిగా వ్యతిరేకం జరిగింది. నార్వేలోని ఫ్రెడ్రిక్‌స్టెన్ కోటను ముట్టడిస్తూ, ఒక చలికాలపు రాత్రి కందకంలో ఉన్న పన్నెండో చార్లెస్ తలలోకి గుండు దూసుకుపోయింది. వయసు 36. పెళ్ళి కాలేదు, వారసుడెవరో తేలలేదు. చెల్లెలి వర్గం, అక్క కొడుకు వర్గం సింహాసనం కోసం పోటీ పడ్డాయి. ముట్టడి వెంటనే ఎత్తేశారు. ఉత్తరాన ఆర్మ్‌ఫెల్ట్ నాయకత్వంలో ఉన్న మరో దళం 1719 జనవరిలో కొండల మీదుగా ఇంటికి బయలుదేరి మంచు తుఫానులో చిక్కుకుంది. దాదాపు 3,000 మంది గడ్డకట్టి చనిపోయారు. ఆ సైనికులు పోయింది శత్రువు చేతిలో కాదు, రాజు పోయాక ఇంటి దారిలో. ఆ తర్వాత స్వీడన్ రాజుల నిరంకుశాధికారాన్నే చట్టం తీసేసింది.

ఒకే దేశం, ఒక శతాబ్దం కూడా తిరగని వ్యవధి. తేడా రాజుల గొప్పతనంలో లేదు. గుస్తావ్ అడాల్ఫ్ తన యుద్ధాన్ని మంత్రితోనూ సభతోనూ సేనానులతోనూ పంచుకున్నాడు. యుద్ధం ఎందుకు చేస్తున్నామో వాళ్ళకు తెలుసు, వాళ్ళకూ కావాలి. పన్నెండో చార్లెస్ యుద్ధం చివరి రోజుల్లో ఆయన ఒక్కడి తలలోనే ఉండేది. నేను పట్టుకున్న సూత్రం ఇదే: రాజు చావు ఎంత దూరం కదిలిస్తుందన్నది, నిర్ణయం ఎంత మంది తలల్లో ఉందన్నదాని మీద ఆధారపడుతుంది.

ఈ కొలతతో ఫ్రెడరిక్‌ను చూస్తే సమాధానం రెండుగా చీలుతుంది. సైన్యం రాజు ఒక్కడిది కాదు. తండ్రి కట్టింది, అధికారులు నడిపేది, ఖజానా పోషించేది. సైలీషియా కావాలన్న నిర్ణయం మాత్రం దాదాపు పూర్తిగా ఆయనదే. పనిముట్టు మిగులుతుంది, దాన్ని ఎత్తిన చెయ్యి పోతుంది.

ఒకే రాజు, ఆరు వారాల తేడాలో రెండు చావులు

చీలిక స్థానాన్ని కొద్దిగా జరిపితే ఫలితం ఎంత మారుతుందో చూడటానికి రెండు తేదీలు తీసుకుందాం.

మొదటిది ఫిబ్రవరి 27. రాజు బౌమ్‌గార్టెన్‌లో చనిపోయాడనుకుందాం. అప్పటికి ప్రష్యా ఒక్క పెద్ద యుద్ధమూ చేయలేదు, కాబట్టి దాని సైన్యం సత్తా ఎవరికీ తెలియదు. మూడు కోటలూ ఇంకా ఆస్ట్రియా చేతిలోనే ఉన్నాయి. సాహసం వద్దన్నవాళ్ళ చేతికే అధికారం వస్తుంది. పైగా మార్చి 13న, అంటే రెండు వారాలకే, వియన్నాలో మరియా థెరీసాకు కొడుకు పుట్టాడు. హాబ్స్‌బర్గ్‌లకు వారసుడు లేడన్న మాట చెల్లదు. ఇక్కడ ప్రష్యా ఒక చిన్న ముక్కతోనో కొంత డబ్బుతోనో రాజీపడి వెనక్కి తగ్గడమే ఎక్కువ సంభావ్యం.

రెండోది ఏప్రిల్ 10. ఆస్ట్రియా సేనాని నైపెర్గ్ మంచు కొండలు దాటి వచ్చి నైస్సె కోటను విడిపించాడు. మోల్విట్జ్ దగ్గర, మంచు కప్పిన పొలాల్లో, రెండు సైన్యాలూ ఎదురుపడ్డాయి. ఆస్ట్రియా గుర్రపు దళం ప్రష్యా గుర్రపు దళాన్ని చిత్తు చేసింది. యుద్ధం పోయినట్టే అనిపించినప్పుడు, వెళ్ళిపొమ్మని ష్వెరిన్ రాజుకు సలహా ఇచ్చాడు. ఫ్రెడరిక్ కొద్దిమందితో గుర్రమెక్కి రాత్రంతా ప్రయాణించి ఓపెల్న్ పట్టణం తలుపు తట్టాడు. ఆ ఊరు అప్పటికే ఆస్ట్రియా హుస్సార్ల చేతిలో ఉంది. లోపలి నుంచి కాల్పులు మొదలయ్యాయి. రాజు వెనుదిరిగి బతికాడు. తెల్లవారాక తెలిసింది, తాను వదిలి వచ్చిన యుద్ధంలో తన పదాతి దళం గెలిచిందని.

ఆ తలుపు దగ్గర ఒక గుండు తగిలి ఉంటే? రాజు చనిపోయాడు, కానీ ష్వెరిన్ గెలిచాడు. ప్రష్యా పదాతి దళం రాజు లేకుండానే గెలవగలదని యూరప్ అంతా చూసింది. గ్లోగావ్ కోటను కూడా ప్రష్యా మార్చి 9నే దాడి చేసి పట్టుకుంది. పద్దెనిమిదేళ్ళ కొత్త రాజుకు ఇప్పుడు అన్న చావూ సైన్యం గెలుపూ రెండూ కలిసి వస్తాయి. వెనక్కి తగ్గితే తన అన్న చేసిన త్యాగాన్ని వృథా చేసినట్టే అవుతుంది. ఇది గుస్తావ్ అడాల్ఫ్ కథకు దగ్గర. సైలీషియా ప్రష్యా చేతిలో ఉండిపోయే అవకాశమే ఇక్కడ ఎక్కువని నా అంచనా.

మనిషి ఒకడే, ఒకే దండయాత్ర, తేడా ఆరు వారాలు. 'ఫ్రెడరిక్ ముందే చనిపోయి ఉంటే' అన్న ప్రశ్నకు తేదీ లేకుండా సమాధానమే ఉండదు.

యుద్ధం ప్రష్యా ఒక్కదానిది కాదు

వాదం అసలు చిక్కుపడేది ఇక్కడ. మొదటి పక్షం ఇలా అంటుంది: మరియా థెరీసా మీద మొదటి దెబ్బ ఫ్రెడరిక్‌దే, మోల్విట్జ్ చూశాకే ఫ్రాన్స్ ధైర్యం చేసింది, 1741 జూన్‌లో ప్రష్యాతో ఒప్పందం చేసుకుంది, ఫ్రెడరిక్ లేకపోతే ఆస్ట్రియా వారసత్వ యుద్ధం ఒక సరిహద్దు తగాదాగా ముగిసేది. కాలక్రమం ఈ పక్షానికి బలం. ఫ్రాన్స్ ముఖ్యమంత్రి కార్డినల్ ఫ్లరీ వృద్ధుడు, యుద్ధం ఇష్టం లేనివాడు.

రెండో పక్షం ఆ వాదాన్ని తిప్పికొడుతుంది. బవేరియా పాలకుడు చార్లెస్ ఆల్బర్ట్ ఆ వారసత్వాన్ని ముందు నుంచీ ఒప్పుకోలేదు. జర్మన్ రాజ్యాలన్నిటి మీదా ఉండే చక్రవర్తి పదవి ఖాళీగా ఉంది, దానికి ఎన్నిక జరగాలి. హాబ్స్‌బర్గ్‌లను దించడానికి ఫ్రాన్స్‌లో బెల్ ఇల్ నాయకత్వంలో బలమైన వర్గం కాచుకుని ఉంది. బ్రిటన్, స్పెయిన్ 1739 నుంచే యుద్ధంలో ఉన్నాయి. ఎండుగడ్డి అన్ని వైపులా పేరుకుని ఉన్నప్పుడు, నిప్పురవ్వ ఎవరిదన్నది చిన్న విషయం.

నాకు రెండో పక్షం 'యుద్ధం వచ్చేదా?' అన్న ప్రశ్నకు సరైన సమాధానంగా కనిపిస్తుంది, మొదటి పక్షం 'ఎలాంటి యుద్ధం?' అన్నదానికి. బవేరియా ఏదో ఒక రోజు కదిలేది. కానీ ప్రష్యా తప్పుకున్నాక ఆస్ట్రియా తన బలమంతా ఒకే వైపు పెట్టగలిగేది. నిజ చరిత్రలో చార్లెస్ ఆల్బర్ట్ 1742 జనవరిలో చక్రవర్తిగా ఎన్నికయ్యాడు, మూడేళ్ళకే చనిపోయాడు. ప్రష్యా లేని దారిలో ఆ మూడేళ్ళూ ఆయనకు దక్కడం అనుమానమే.

దూరం పెరిగేకొద్దీ పలచబడే ఊహ

ఇక జర్మన్ సామ్రాజ్యం, ప్రపంచ యుద్ధాల సంగతి. ఒక చిన్న లెక్క చూడండి. ఊహలో ప్రతి మెట్టూ నిజమయ్యే అవకాశం పదింట ఆరు పాళ్ళు అనుకుందాం. ఈ అంకె కొలిచి తెచ్చింది కాదు, లెక్క కోసం పెట్టుకున్నదే. ఒక మెట్టుకు 60 శాతం. రెండు మెట్లకు 36. మూడింటికి దాదాపు 22. అయిదో మెట్టుకు చేరేసరికి 8 శాతం లోపు. సైలీషియా తిరిగి ఆస్ట్రియాకు పోవడం మొదటి మెట్టు. ప్రష్యా రెండో శ్రేణి రాజ్యంగా ఉండిపోవడం రెండోది. పోలండ్ పంపకం మరోలా జరగడం, నెపోలియన్ కాలం మరోలా నడవడం, 1871లో బెర్లిన్ రాజధానిగా దేశం ఏర్పడకపోవడం, ఇలా పోతూ ఉంటే ప్రతి వాక్యమూ విడిగా నమ్మదగ్గదిగానే ఉంటుంది, కలిపితే దాదాపు ఏమీ మిగలదు. మంచి కథకుడు చెప్తుంటే ఈ తరుగు మనకు కనిపించదు.

లెక్కను ఇంకా చిక్కు చేసేది మరో చావు. 1762 జనవరి 5న రష్యా సామ్రాజ్ఞి ఎలిజబెత్ చనిపోయింది. ఆస్ట్రియా, రష్యా, ఫ్రాన్స్ కలిసి ప్రష్యా మీద చేసిన ఏడేళ్ళ యుద్ధంలో (1756–63) ఫ్రెడరిక్ అప్పటికి దాదాపు అణగారిపోయి ఉన్నాడు. కొత్త జార్ మూడో పీటర్ ఆయన అభిమాని. వెంటనే సంధి చేసుకున్నాడు. అంటే 1741లో బతికిన ఫ్రెడరిక్ కూడా తన బలంతో మాత్రమే నిలబడలేదు. మనకు తెలిసిన దారిలోనూ ఇలాంటి మలుపులు వరసగా ఉన్నాయి. ఊహించిన దారిని మాత్రం మలుపుల్లేని తిన్నని రోడ్డులా గీయడం ఈ రకం రచనల్లో నేను చూసే అతి పెద్ద లోపం.

కోరమాండల్ తీరం దాకా

తెలుగు పాఠకుడికి ఈ కథలో ఒక సొంత ప్రశ్న ఉంది. సైలీషియాలో మొదలైన యుద్ధం పెరిగి, 1744లో ఫ్రాన్స్, బ్రిటన్ నేరుగా తలపడ్డాయి. 1746 సెప్టెంబరులో ఫ్రెంచివారు మద్రాసును పట్టుకున్నారు. అదే ఏడాది అడయారు దగ్గర, కొన్ని వందల మంది ఫ్రెంచి దళం కర్ణాటక నవాబు అన్వరుద్దీన్ పంపిన వేల మంది సైన్యాన్ని చెదరగొట్టింది. కవాతు నేర్చిన చిన్న దళం ఎంత పని చేయగలదో అందరికీ అర్థమైన రోజు అది. 1748 ఒప్పందంలో, ఉత్తర అమెరికాలోని లూయిబర్గ్ కోటకు బదులుగా మద్రాసు ఇంగ్లీషువారికి తిరిగి దక్కింది. ఈ గొలుసు చూసే, కోరమాండల్ తీరపు నెత్తురునూ ఫ్రెడరిక్ ఖాతాలోనే వేసిన రచయితలు 19వ శతాబ్దపు ఇంగ్లండులో ఉన్నారు.

అంత దూరం నేను వెళ్ళలేను. 1739 నుంచి స్పెయిన్‌తో పోరాడుతున్న బ్రిటన్ ఏదో ఒక దశలో స్పెయిన్ రాజు బంధువైన ఫ్రాన్స్ రాజుతో తలపడక తప్పేది కాదు. మద్రాసు మీద దాడి తేదీ మారేదేమో, ముప్పు తొలగేది కాదు. అయితే తేదీ మారడం చిన్న విషయం కాదు. అడయారు పాఠం 1746లోనే అందబట్టే, 1748లో నిజాం ఉల్ ముల్క్ చనిపోయి వారసులు కొట్లాడుకున్నప్పుడు, వాళ్ళు ఫ్రెంచి దళాలను కిరాయికి పిలిచారు. ఆ పాఠం పదేళ్ళు ఆలస్యమై ఉంటే హైదరాబాదు సింహాసనం తగాదా స్థానిక సైన్యాల మధ్యే తేలి ఉండేదేమో.

జరిగింది మాత్రం ఇది. ఫ్రెంచి సేనాని బుస్సీ అండతో సలాబత్ జంగ్ నిజాం అయ్యాడు. ఆ దళాల జీతాల కోసం 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, చికాకోల్ (శ్రీకాకుళం) సర్కారులను ఫ్రెంచివారికి రాసిచ్చాడు. 1757 జనవరిలో బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోటను కూల్చాయి. ఆ తర్వాత తాండ్ర పాపారాయుడి చేతిలో విజయనగరం రాజు విజయరామరాజు చనిపోయాడు. గద్దెనెక్కిన ఆనంద గజపతి ఫ్రెంచివారిని వదిలి ఇంగ్లీషువారిని పిలిచాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివారిని ఓడించాడు, మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడిపోయింది.

ఈ గొలుసులో సైలీషియాకు నేరుగా ముడిపడే కొక్కెం ఒక్కటే, అడయారు తేదీ. మిగిలినవన్నీ ఇక్కడివి: ఆసఫ్‌జాహీ వారసుల పోరు, జీతాలకు చాలని ఖజానా, బొబ్బిలి విజయనగరం పాత పగ. బౌమ్‌గార్టెన్ దారిలో హుస్సార్ల కత్తి రాజుకు తగిలి ఉన్నా, ఆ పగ అలాగే ఉండేది. బొబ్బిలి రాజు రంగారావు కోటలోకి ఎవరి ఫిరంగులు గురిపెట్టేవన్నదే తెలియని సంగతి.